విజిటర్ల లెక్క ప్లగిన్, సెర్చ్ కన్సోల్ హెచ్చరికలు: ఏది వదిలేయాలి, ఏది సరిచేయాలి

వర్డ్‌ప్రెస్ సైట్‌లో విజిటర్ల లెక్క చూపించే ప్లగిన్ పెట్టాక కొన్నాళ్లకు, గూగుల్‌లో మీ సైట్ స్థితిని చూపించే సెర్చ్ కన్సోల్ నుంచి మెయిల్ రావడం మామూలే. పేజీలు ఇండెక్స్ కాకుండా (అంటే గూగుల్ జాబితాలో చేరకుండా) కొత్త కారణమొకటి అడ్డుపడుతోందని అందులో ఉంటుంది. లోపలికెళ్లి చూస్తే మీరెప్పుడూ రాయని చిరునామాలు 404 (పేజీ లేదు) కింద, అడ్మిన్-ఏజాక్స్ ఫైల్ 400 (తప్పు రిక్వెస్ట్) కింద, ఇంకేదో స్క్రిప్ట్ ‘బ్లాక్డ్ బై రోబోట్స్’ కింద కనిపిస్తాయి. అప్పుడు చాలామంది చేసే పని, బాట్లు దేన్ని తెరవచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్ తెరిచి నాలుగు వరుసలు కలపడం. ఆ తొందరలోనే అసలు నష్టం జరుగుతుంది. ఈ హెచ్చరికల్లో ఎక్కువ భాగం పట్టించుకోనక్కర్లేనివి. కొన్ని మాత్రం పేజీని నిజంగానే దెబ్బతీస్తాయి. రెండింటినీ విడదీయడానికి ఒక్క ప్రశ్న చాలు: ఆ ఫైల్ అందకపోయినా గూగుల్‌కు మీ వ్యాసం మొత్తం కనిపిస్తోందా?

హెచ్చరిక ఎక్కడ పుడుతుంది

లెక్క ప్లగిన్ ప్రతి పేజీలో ఒక చిన్న జావాస్క్రిప్ట్ పెడుతుంది. పేజీ తెరుచుకోగానే అది ‘ఒకరు వచ్చారు’ అని సర్వర్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు వర్డ్‌ప్రెస్‌లో సాధారణంగా అడ్మిన్-ఏజాక్స్ ఫైల్‌కో, రెస్ట్ ఏపీఐ చిరునామాకో వెళుతుంది. మటోమో లాంటి లెక్క టూల్స్‌లో జావాస్క్రిప్ట్ లేని బ్రౌజర్ల కోసం నోస్క్రిప్ట్ ట్యాగ్‌లో కంటికి కనిపించని బొమ్మ ఒకటి కూడా పెట్టుకోవచ్చు.

గూగుల్ తరఫున పేజీలు తిరిగే ప్రోగ్రామ్ గూగుల్‌బాట్. అది ముందు పేజీ హెచ్‌టీఎంఎల్ తెచ్చుకుంటుంది. తర్వాత దాన్ని క్రోమియంలో రెండర్ చేస్తుంది, అంటే స్క్రిప్టులను నడుపుతుంది. లెక్క స్క్రిప్టూ అప్పుడే నడుస్తుంది. అయితే పేజీలోని విషయానికి అక్కర్లేని కబుర్లను, ముఖ్యంగా అనలిటిక్స్, ఎర్రర్ రిపోర్టులను, గూగుల్ రెండరర్ కావాలనే వదిలేయవచ్చు. ఈ మాట గూగుల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అలా వదిలేసినవి టెస్టులో ‘అదర్ ఎర్రర్’ అని కనిపిస్తాయి. పేరులో ఎర్రర్ ఉన్నా అక్కడ చెడిపోయిందేమీ లేదు.

మరి మీరు రాయని 404లు ఎక్కడివి? స్క్రిప్ట్ లోపల చిరునామాలా కనిపించే ముక్క ఏదున్నా గూగుల్‌బాట్ దాన్ని లింకేమో అనుకుని తెరిచి చూస్తుంది. మామూలుగా తెరవడమంటే గెట్ రిక్వెస్ట్. లెక్క తీసుకునే రెస్ట్ చిరునామాల్లో చాలావరకు పోస్ట్ రిక్వెస్ట్ మాత్రమే ఒప్పుకుంటాయి. అలాంటి దాన్ని గెట్‌తో తెరిస్తే ఈ చిరునామాకు, ఈ పద్ధతికి సరిపోయే దారి లేదంటూ వర్డ్‌ప్రెస్ 404 ఇస్తుంది. అడ్మిన్-ఏజాక్స్‌ను ఏ యాక్షనూ చెప్పకుండా తెరిస్తే తెల్ల పేజీ మీద ఒక సున్నా, దాంతోపాటు 400 కోడ్ వస్తాయి. మీ బ్రౌజర్‌లో తెరిచి చూసుకోండి, మీకూ అదే వస్తుంది. లెక్క మాత్రం చక్కగా పడుతూనే ఉంటుంది. ఈ రకం 404, 400 ల వల్ల మిగతా పేజీల ర్యాంకు తగ్గదు. వాటిని సున్నా చేయాలని కూర్చోవడం వృథా శ్రమ.

ముందు ఒక్క పేజీని పరీక్షించండి

సెర్చ్ కన్సోల్‌లో పై పెట్టెలో ఒక వ్యాసం చిరునామా వేసి యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ నడపండి. హోమ్ పేజీ వద్దు, మామూలు వ్యాసమే తీసుకోండి. తర్వాత ‘టెస్ట్ లైవ్ యూఆర్ఎల్’ నొక్కండి. ఫలితం రాగానే ‘వ్యూ టెస్టెడ్ పేజ్’ తెరిస్తే హెచ్‌టీఎంఎల్, స్క్రీన్‌షాట్, ‘మోర్ ఇన్ఫో’ అని మూడు ట్యాబులు ఉంటాయి. మోర్ ఇన్ఫోలో ‘పేజ్ రిసోర్సెస్’ కింద లోడ్ కాని ఫైళ్ల జాబితా, దాని దగ్గరే జావాస్క్రిప్ట్ కన్సోల్ సందేశాలు కనిపిస్తాయి.

స్క్రీన్‌షాట్ బాగుంది కదా అని ఆగిపోవద్దు. అది పేజీ పైభాగాన్ని మాత్రమే చూపిస్తుంది. హెచ్‌టీఎంఎల్ ట్యాబ్‌లోకి వెళ్లి, వ్యాసం చివరి పేరాలోంచి నాలుగు తెలుగు మాటలు కాపీ చేసి అక్కడ వెతకండి. ఆ మాటలు దొరికితే వ్యాసం మొత్తం గూగుల్‌కు అందినట్టే. దొరక్కపోతే లోడ్ కాని ఫైళ్ల జాబితా ఇప్పుడు ముఖ్యమవుతుంది.

జాబితాలో ప్రతి ఫైల్ పక్కన కారణం ఉంటుంది. ‘అదర్ ఎర్రర్’ లెక్క స్క్రిప్టుదైతే వదిలేయండి. అదే కారణం థీమ్ స్టైల్ ఫైల్ పక్కన కనిపిస్తే టెస్ట్ మరో రెండుసార్లు నడపండి. లైవ్ టెస్టుకు గూగుల్ ఇచ్చే సమయం తక్కువ, అందుకే ఒకసారి రానిది మరోసారి వస్తుంటుంది. ప్రతిసారీ అదే ఫైల్ పడిపోతుంటే అప్పుడు ఆలోచించాలి. రోబోట్స్ వల్ల ఆగిందని ఉంటే కింది భాగం చదవండి. 403 (అనుమతి లేదు) ఉంటే కాష్ (దాచి ఉంచిన పేజీ కాపీలు) గురించి రాసిన భాగానికి వెళ్లండి.

రోబోట్స్ ఫైల్: ముట్టుకునే ముందు

రూట్ ఫోల్డర్‌లో ఫైల్ లేకపోతే రోబోట్స్‌ను వర్డ్‌ప్రెస్ తనే తయారు చేసి ఇస్తుంది. అందులో డబ్ల్యుపి-అడ్మిన్ ఫోల్డర్‌కు డిసలో (తెరవవద్దు), వెంటనే ఆ ఫోల్డర్‌లోని అడ్మిన్-ఏజాక్స్ ఫైల్‌కు అలో (తెరవచ్చు) ఉంటాయి. ఎఫ్‌టీపీలోనో సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లోనో ఎవరైనా సొంత రోబోట్స్ ఫైల్ పెట్టి ఉంటే ఈ తయారీ ఫైల్ ఇక పనిచేయదు. ఎప్పుడో ఎక్కడో కాపీ కొట్టిన ఫైళ్లలో ఆ అలో వరుస ఉండదు. లెక్క కబురు మాత్రమే ఆగితే నష్టం లేదు. కానీ థీమ్‌లోని ‘మరిన్ని వార్తలు’ బటన్ కూడా అదే అడ్మిన్-ఏజాక్స్ మీద నడుస్తుంటే ఆ వార్తలూ గూగుల్‌కు అందవు. కాబట్టి అలో వరుసను తిరిగి చేర్చండి. డిసలో ముందున్నా అలో ముందున్నా గూగుల్‌కు తేడా లేదు. చిరునామాకు పొడవుగా సరిపోయిన నియమమే నెగ్గుతుంది. పొడవు సమానమైతే అనుమతించేదే చెల్లుతుంది.

పాత ఫైళ్లలో ఇంతకన్నా ప్రమాదకరమైన వరుస ఒకటుంది: ప్లగిన్ల ఫోల్డర్ మొత్తానికి డిసలో. దానివల్ల లెక్క స్క్రిప్టుతోపాటు గ్యాలరీ, పేజీ బిల్డర్, స్లైడర్ల స్టైల్ ఫైళ్లు కూడా ఆగిపోతాయి. మొబైల్‌లో పేజీ ఎలా అమరుతుందో గూగుల్‌కు తెలియకుండా పోతుంది. ఆ వరుస కనిపిస్తే తీసేయండి.

లెక్క స్క్రిప్టును ఒక్కదాన్నే ఆపాలనుకుంటే ఆ ఫైల్ పూర్తి దారి రాసి డిసలో పెట్టవచ్చు. పెట్టే ముందు ఒకటి చూసుకోండి. న్యూస్ సైట్లలో ‘ఎక్కువమంది చదివినవి’ అనే పెట్టెను చాలాసార్లు లెక్క ప్లగినే నింపుతుంది. దాని స్క్రిప్టును ఆపితే ఆ పెట్టె గూగుల్‌కు ఖాళీగా కనిపిస్తుంది, అందులోని లోపలి లింకులన్నీ పోతాయి.

తరచూ జరిగే ఇంకో పొరపాటు: అన్ని బాట్లకూ రాసిన నియమాలు పైన ఉంటాయి, కింద గూగుల్‌బాట్ పేరుతో కొత్త గుంపు కట్టి ఒక్క డిసలో రాస్తారు. తన పేరుతో గుంపు ఉంటే గూగుల్‌బాట్ దాన్ని మాత్రమే చదువుతుంది, పైనున్న అందరి గుంపును పూర్తిగా పక్కన పెడుతుంది. దాంతో ఇన్నాళ్లూ మూసి ఉంచిన ఫోల్డర్లన్నీ దానికి తెరుచుకుంటాయి.

రోబోట్స్ ఫైల్‌లో నోఇండెక్స్ (సెర్చ్‌లో చూపించవద్దు) అని రాయడం 2019 సెప్టెంబర్ 1 నుంచి గూగుల్ దగ్గర చెల్లదు. ప్లగిన్ తయారు చేసే గణాంకాల పేజీ సెర్చ్‌లో కనిపిస్తుంటే, దాన్ని రోబోట్స్‌తో మూస్తే ‘ఇండెక్స్డ్, దో బ్లాక్డ్’ అనే మరో హెచ్చరిక మొదలవుతుంది. పేజీ తెరవనివ్వకపోతే అందులోని నోఇండెక్స్‌ను బాట్ చూసేదెలా? రోబోట్స్ అడ్డు తీసేసి, నోఇండెక్స్ మెటా ట్యాగో ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ హెడరో పెట్టండి.

మార్చాక సెర్చ్ కన్సోల్ సెట్టింగ్స్‌లో రోబోట్స్ రిపోర్ట్ తెరిచి ‘రిక్వెస్ట్ ఎ రీక్రాల్’ నొక్కండి. నొక్కకపోయినా గూగుల్ సాధారణంగా 24 గంటల్లో కొత్త ఫైల్ తీసుకుంటుంది. అప్పటిదాకా పాత నియమాలే నడుస్తాయి కాబట్టి ఐదు నిమిషాల్లో టెస్ట్ చేసి మారలేదని మళ్లీ ఫైల్ తిరగరాయకండి.

తెలుగు చిరునామాలున్న సైట్లలో వచ్చే 404

ఇది ఇంగ్లీషు గైడ్లలో అంతగా కనిపించని సంగతి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు. చిరునామాలోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 క్యారెక్టర్లు అవుతుంది. అంటే ఒక గుర్తుకు 9. ‘విజయవాడ’ అన్న ఒక్క మాట చిరునామాలో 63 క్యారెక్టర్లు తింటుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు, అంటే చిరునామాలో శీర్షిక నుంచి పుట్టే భాగానికి, కేటాయించింది 200 క్యారెక్టర్లు. అందులో పట్టేవి మహా అయితే 22 తెలుగు గుర్తులు. అందుకే తెలుగు శీర్షిక నుంచి పుట్టిన చిరునామాలు మాట మధ్యలో తెగి ఉంటాయి. అయినా వర్డ్‌ప్రెస్ గుర్తు మధ్యలో కోయదు కాబట్టి ఆ చిరునామా పనిచేస్తుంది.

లెక్క ప్లగిన్లు మాత్రం తెరిచిన పేజీ చిరునామాను తమ సొంత టేబుల్‌లో దాచుకుంటాయి. ఆ కాలమ్ హద్దు కొన్నిటిలో 190, కొన్నిటిలో 255. పర్మాలింకులో (వ్యాసం శాశ్వత చిరునామాలో) తేదీ ఉంటే దానికి 12 క్యారెక్టర్లు, తెలుగు స్లగ్‌కు 198, మొత్తం 210. 190 దగ్గర తోక తెగుతుంది. ఈసారి తెగేది గుర్తు మధ్యలో కూడా కావచ్చు. ప్లగిన్ తన టేబుల్‌లోని ఆ తెగిన చిరునామాతోనే ‘ఎక్కువమంది చదివినవి’ లింకులు కడితే, గూగుల్‌బాట్ వాటిని పట్టుకుని వెళుతుంది. అప్పుడు కొన్ని 404 ఇస్తాయి. కొన్నిటికి వర్డ్‌ప్రెస్ స్లగ్ మొదటి భాగం చూసి ఇదేనేమో అని ఊహించి అసలు పేజీకి 301 (శాశ్వత దారి మళ్లింపు) ఇస్తుంది, అవి ‘పేజ్ విత్ రీడైరెక్ట్’ కింద చేరతాయి. ఊహ తప్పి వేరే వ్యాసానికి పోవడమూ ఉంటుంది.

గుర్తుపట్టడం తేలికే. 404 జాబితాలోని చిరునామా చివర చూడండి. శాతం గుర్తు తర్వాత రెండు క్యారెక్టర్లు ఉండాల్సిన చోట ఒకటే ఉన్నా, ఏమీ లేకపోయినా అది తెగిందే. బ్రౌజర్‌లో తెరిస్తే తోక దగ్గర తెలుగు అక్షరానికి బదులు శాతం గుర్తులు అలాగే మిగిలిపోతాయి.

ఇది వదిలేయాల్సిన 404 కాదు, ఎందుకంటే పాఠకులు కూడా ఆ లింకులే నొక్కుతున్నారు. పోస్ట్ ఐడీ నుంచి పర్మాలింక్ తీసుకునే విడ్జెట్‌కు మారండి. పీహెచ్‌పీఎంవైఅడ్మిన్‌లో కాలమ్ హద్దు పెంచడం సలహా ఇవ్వం: తర్వాతి అప్‌డేట్‌లో ప్లగిన్ దాన్ని మళ్లీ మార్చేయవచ్చు. పైగా 190, 191 హద్దులు పాత మైఎస్‌క్యూఎల్ ఇండెక్స్ పరిమితి వల్ల వచ్చినవి. కొత్త వ్యాసాలకు స్లగ్ చేత్తో కుదించండి, రెండు తెలుగు మాటలు చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా తప్పులేదు. పాత స్లగ్‌లను మూకుమ్మడిగా మార్చవద్దు. ఒకటీ అరా మారిస్తే వర్డ్‌ప్రెస్ పాత స్లగ్ గుర్తుపెట్టుకుని దారి మళ్లిస్తుంది కానీ, వందల్లో మారిస్తే గూగుల్ వాటన్నిటినీ మళ్లీ క్రాల్ చేసి తేల్చుకోవాలి.

లింకుల వెనక తోకలు

కొన్ని ప్లగిన్లు ఏ లింక్ ఎంతమంది నొక్కారో తెలియడానికి లోపలి లింకులకు కూడా పారామీటర్లు, అంటే చిరునామా చివర ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే తోకలు, తగిలిస్తాయి. ఒకే వ్యాసం ఐదారు చిరునామాలతో గూగుల్ ముందుకొస్తుంది. అసలు చిరునామా ఏదో చెప్పే కెనానికల్ ట్యాగ్ సరిగా ఉంటే అవి ‘ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కెనానికల్’ కింద పడతాయి, అది మంచి స్థితే. అయినా లోపలి లింకులకు యూటీఎం (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే) తోకలు అక్కర్లేదు, ఆ ఆప్షన్ ఆపేయండి. సెర్చ్ కన్సోల్‌లో ఒకప్పుడు పారామీటర్ల టూల్ ఉండేది, గూగుల్ 2022లో తీసేసింది. పాత వీడియోలు చూసి దానికోసం వెతకకండి. ఆ తోకలను రోబోట్స్‌లో మూయడం కూడా సరికాదు, మూస్తే కెనానికల్ ట్యాగ్ గూగుల్‌కు కనిపించదు.

క్రాల్ బడ్జెట్, అంటే ఒక సైట్‌లో తిరగడానికి గూగుల్‌బాట్ కేటాయించేది, తరిగిపోతుందన్న భయం అన్ని సైట్లకూ వర్తించదు. గూగుల్ లెక్కలో అది పట్టించుకోవాల్సింది పది లక్షలకు పైగా పేజీలున్నవాళ్లు, లేదా రోజూ మారే పేజీలు 10,000 దాటినవాళ్లు. వ్యాసాలు కొన్ని వందలో వేలో ఉన్న సైట్‌కు ఇది సమస్యే కాదు.

5xx వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు

కాష్ ప్లగిన్ ఉన్న సైట్‌లో పేజీ నేరుగా కాష్ నుంచి వెళుతుంది, పీహెచ్‌పీ లేవాల్సిన పనిలేదు. లెక్క కబురు అలా కాదు. ప్రతి కబురుకూ వర్డ్‌ప్రెస్ మొత్తం లోడ్ అవుతుంది, డేటాబేస్‌లో ఒక వరుస రాయాల్సి వస్తుంది. గూగుల్‌బాట్ వేగంగా వందల పేజీలు తిరిగిన గంటలో ఆ కబుర్లూ వందల్లో పడితే, షేర్డ్ హోస్టింగ్‌లో ఎంట్రీ ప్రాసెస్‌ల (ఒకేసారి నడిచే పనుల) హద్దు నిండి 508 వస్తుంది. లేదా టేబుల్ పెరిగిపోయి 500, 503, 504. 404తో పోలిస్తే వీటి సంగతి వేరు. 5xx (5తో మొదలయ్యే సర్వర్ లోపాలు), 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు) పెరిగితే గూగుల్ క్రాల్ వేగం తగ్గించుకుంటుంది, కొత్త వ్యాసాలు ఇండెక్స్ కావడం ఆలస్యమవుతుంది. రోబోట్స్ ఫైలే 5xx ఇస్తే మరీ చెడ్డది, మొదటి 12 గంటలు సైట్ క్రాల్ ఆగిపోతుంది.

సెట్టింగ్స్‌లో క్రాల్ స్టాట్స్ తెరవండి. ఇది రూట్ స్థాయి ప్రాపర్టీలకే (ఒక ఫోల్డర్‌కు కాక సైట్ మొత్తానికి చేర్చినవాటికే) ఉంటుంది, 90 రోజుల డేటా చూపిస్తుంది. ‘బై రెస్పాన్స్’లో సర్వర్ ఎర్రర్ వరుస నొక్కితే నమూనా చిరునామాలు, వాటి సమయాలు వస్తాయి. ‘బై గూగుల్‌బాట్ టైప్’లో ‘పేజ్ రిసోర్స్ లోడ్’ వాటా చూడండి, అందులో లెక్క చిరునామాయే పదేపదే కనిపిస్తే దొంగ దొరికినట్టే. సగటు రెస్పాన్స్ టైమ్ గీత ప్లగిన్ పెట్టిన రోజు నుంచి పైకి లేచిందా అన్నదీ చూడండి.

ఆ సమయాన్ని పట్టుకుని సీప్యానెల్‌లోని రా యాక్సెస్ లాగ్‌లో అదే నిమిషం వెతకండి. గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన నమ్మొద్దు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఐపీని రివర్స్ డీఎన్ఎస్‌లో (ఐపీ నుంచి పేరు చెప్పే దాంట్లో) వెతికితే వచ్చే పేరు గూగుల్‌బాట్ డాట్ కామ్‌తో ముగియాలి. ఆ పేరును తిరిగి వెతికితే అదే ఐపీ రావాలి. ఈ రెండో అడుగు వదిలేస్తే పరీక్ష చేయనట్టే లెక్క. 66.249తో మొదలయ్యే ఐపీలు గూగుల్‌బాట్‌వి కావడం మామూలే కానీ, మొదటి అంకెలు చూసి తేల్చేయకండి.

తగ్గించే మార్గాల్లో అన్నిటికన్నా తేలికైంది: కాష్ ప్లగిన్‌లో ‘డిలే జావాస్క్రిప్ట్’ ఆప్షన్ ఉంటే లెక్క స్క్రిప్టును ఆ జాబితాలో చేర్చండి. పేజీని తాకినప్పుడో జరిపినప్పుడో మాత్రమే అది నడుస్తుంది. గూగుల్‌బాట్ నొక్కదు, స్క్రోల్ చేయదు, కాబట్టి కబురు పుట్టదు. దీనికి మూల్యం ఉంది. పేజీ తెరిచి ఏమీ తాకకుండా వెళ్లిపోయినవాళ్లు లెక్కలోకి రారు. ప్రకటనల వాళ్లకు అంకెలు చూపించాల్సినవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

పాత డేటా చెరిపే ఆప్షన్ చాలా ప్లగిన్లలో ఉంటుంది, 90 రోజులో 365 రోజులో పెట్టండి. ముందు బ్యాకప్ తీసుకోండి. ఇక ‘బాట్లను లెక్కించవద్దు’ అన్న ఆప్షన్ దగ్గర చాలామంది పొరబడతారు. అది లెక్కలోంచి తీసేస్తుందే తప్ప కబురును ఆపదు. స్క్రిప్ట్ పేజీలోనే ఉంటుంది, రిక్వెస్ట్ వస్తూనే ఉంటుంది, పీహెచ్‌పీ లేస్తూనే ఉంటుంది. గూగుల్‌బాట్‌కు మాత్రం స్క్రిప్ట్ లేని పేజీ పంపేలా థీమ్‌లో కోడ్ రాయడం ఇంకా పెద్ద తలనొప్పి. ఆ స్క్రిప్ట్ లేని పేజీ కాష్‌లో చేరితే అందరికీ అదే వెళ్తుంది, ఉన్నట్టుండి విజిటర్లు సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది.

403: కాష్‌లో పాతబడిన టోకెన్

లెక్క కబురుతోపాటు కొన్ని ప్లగిన్లు నాన్స్ అనే టోకెన్ పంపుతాయి. వర్డ్‌ప్రెస్‌లో దాని ఆయుష్షు గరిష్ఠంగా 24 గంటలు. కాష్‌లో పేజీ అంతకన్నా ఎక్కువసేపు నిలిస్తే టోకెన్ చెల్లక 403 వస్తుంది. గూగుల్‌కే కాదు, మీ పాఠకులకూ వస్తుంది. కొత్త వ్యాసాలకు లెక్క పడుతూ పాత వ్యాసాలకు పడకపోతే అనుమానించాల్సింది దీన్నే. కాష్ గడువు 10 గంటలకు తగ్గించండి, లేదా ప్లగిన్‌లో కాష్‌కు సరిపడే మోడ్ ఉంటే ఆన్ చేయండి. అయినా 403 పోకపోతే సెక్యూరిటీ ప్లగిన్, హోస్టింగ్ ఫైర్‌వాల్ లాగ్‌లు చూడాలి.

సరిచేశాక

ప్లగిన్ మార్చినా, తీసేసినా పాత చిరునామాలు వెంటనే మాయం కావు. రెండరర్ జావాస్క్రిప్ట్, స్టైల్ ఫైళ్లను 30 రోజుల వరకు తన దగ్గర దాచుకుంటుంది, మీ కాష్ హెడర్లను పట్టించుకోదు. పాత స్క్రిప్టే ఇంకొన్ని వారాలు నడవవచ్చు. స్క్రిప్టును మీరే మార్చినట్టయితే ఫైల్ పేరో, వెనకున్న వెర్షన్ అంకో మార్చండి, అప్పుడు కొత్తది తెచ్చుకుంటుంది.

‘వ్యాలిడేట్ ఫిక్స్’ను నిజంగా సరిచేసిన కారణానికే నొక్కండి: 5xx, తెగిన తెలుగు లింకులు, తప్పుగా మూసిన ఫైళ్లు. ఫలితం తేలడానికి సాధారణంగా రెండు వారాల దాకా పడుతుంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. రెస్ట్ చిరునామా 404కు వ్యాలిడేషన్ నొక్కితే ఫెయిల్ అని మరో మెయిల్ రావడం తప్ప ఒరిగేదేమీ లేదు. ప్లగిన్ పూర్తిగా తీసేసినవాళ్లు దాని పాత చిరునామాలను హోమ్ పేజీకి రీడైరెక్ట్ చేయకండి, సంబంధం లేని పేజీకి పంపితే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా (తెరుచుకున్నా లేనట్టే లెక్కించే పేజీగా) చూస్తుంది. అవి 404గానే ఉండనివ్వండి.